బ్యానర్ కింద ఉన్నవాళ్ళు

బ్యానర్ తయారుచేసేవాళ్ళకి ఒక శాపం ఉంది. దాన్ని వాళ్ళు ఎప్పుడూ పూర్తిగా చూడలేరు. గోదాము నేల మీద పీలికలుగా పరిచి రంగు వేసేటప్పుడు ఒకరోజు చెవి కనిపిస్తుంది, ఇంకోరోజు సగం గడ్డం కనిపిస్తుంది. పీలికలన్నీ కలిపి కుట్టేసరికి అంత గుడ్డ పరిచే చోటుండదు, చుట్ట చుట్టేయాలి. మ్యాచ్ రోజు అది గోలు వెనక స్టాండు మీద విప్పుకుంటుంది. కింద ఉన్న వేలమంది చేతులెత్తి పట్టుకుంటారు, ఎదుటి స్టాండు వాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టి చూస్తారు. ఎత్తినవాళ్ళకి మాత్రం దక్కేది గుడ్డ వెనకవైపు, నాలుగు కుట్లు, పక్కవాడి చంక. ఆనక ఫోన్లో ఫొటో చూసుకుని మురిసిపోవాల్సిందే.

"వంట మనది, భోజనం ఎదుటివాళ్ళది" అంటుంది నర్సక్క. ఆవిడ ఆసుపత్రి డ్యూటీ దిగి, యూనిఫాం మీదే పాత చొక్కా తొడుక్కుని వచ్చి రంగులు వేస్తుంది. మోకాళ్ళ మీద కూర్చుని ఓ కనుబొమ్మ పూర్తిచేస్తూ ఆ సాయంత్రం కూడా అదే మాటంది.

"ఈసారి భోజనం ఎవరికో తెలుసుగా అక్కా. ఆయన తింటే మనం తిన్నట్టే" అంది సూది, మెషిను మీంచి తలెత్తకుండా.

సూది అసలు పేరు స్టాండులో సగంమందికి తెలియదు. మనిషి సన్నం, మాట మొన, వృత్తి కుట్టుపని. ఇంక వేరే పేరెందుకు? పగలంతా బజారు వీధిలో చిన్న కొట్టు, ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం. సాయంత్రాలు ఈ గోదాములో. ఎన్ని సీజన్లుగానో ఆ స్టాండు మీద లేచిన ప్రతి బ్యానరూ ఆమె మెషిను కింద నుంచి వచ్చిందే. ఎంతమంది గోల్‌కీపర్ల ముక్కులు కుట్టిందో, ఎంతమంది కెప్టెన్ల చెవులు కుట్టిందో. ఈసారి నేల మీద పరిచి ఉన్న ముఖం ఆమె తండ్రిది.

తండ్రిని ఊరంతా పచ్చిక తాత అంటుంది. ఆ మైదానంలో గడ్డి ఆయన చేతుల్లో పెరిగింది, ఆయన నడుం ఆ గడ్డి మీద వంగింది. ఇప్పుడు క్లబ్బువాళ్ళు ఆ గడ్డంతా పీకేసి ప్లాస్టిక్ పచ్చిక పరుస్తారట. దానికి నీళ్ళక్కర్లేదు, కోత అక్కర్లేదు, కాబట్టి తాతా అక్కర్లేదు. సీజన్లో చివరి మ్యాచ్ అయ్యాక తాళాలిచ్చి వెళ్ళిపొమ్మన్నారు. ఆ చెప్పడం కూడా ఎలా చెప్పారనుకున్నారు? ఎవరో కొత్త మేనేజరు, నడుస్తూ నడుస్తూ, చెవి దగ్గర ఫోన్ దించకుండా చెప్పాడు. టిఫిన్ డబ్బా ఇవ్వడానికి వెళ్ళిన సూది ఆ పక్కనే ఉంది. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళయినా ఒకసారి తెప్ప వైపు చూస్తారేమో, ఆ మనిషి అదీ చెయ్యలేదు. తండ్రి "సరే బాబూ" అన్నాడు. అని, నేల గుచ్చే పొడుగు ఫోర్కు తీసుకుని గోలు ముందర ఊడిన గడ్డి పెళ్ళని నేలకి నొక్కి, మడమతో అదిమాడు.

ఆ "సరే బాబూ" ఆమె చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. మేనేజరు ఆ మాట చెప్పిన సాయంత్రమే స్టాండు వాళ్ళందర్నీ గోదాములో పోగుచేసి చెప్పింది. అందరికంటే ముందు కళ్ళు తుడుచుకున్నది మైకు. పగలు బస్సు కండక్టరు, మ్యాచ్ రోజు స్టాండుకి గొంతు. కంచె దగ్గర ఇనప మెట్టు మీద, ఆటకి వీపు పెట్టి, జనం వైపు తిరిగి నిలబడి పాటలు ఎత్తుకుంటాడు. పాపం, ఇన్నేళ్ళలో వాడు కళ్ళారా చూసిన గోలు ఒక్కటీ లేదు.

"చివరి మ్యాచ్‌కి బ్యానర్ తాతది కాకపోతే ఇంకెవడిది?" అన్నాడు మైకు. "ఎదుటి స్టాండులో ముందు వరసలో కూర్చోబెడదాం. జీవితంలో ఒక్కసారైనా ఆ మైదానం ఆయన వైపు చూడాలి."

సరిగ్గా ఆమె గుండెలో ఉన్న మాట అదే. ఒక్కసారి. అంతకంటే ఆమెకేమీ వద్దు.

ముఖానికి నమూనాగా ఇంట్లో గోడ మీది ఫొటో తెచ్చింది. అద్దం పగిలింది, మార్పించుకొస్తానని తండ్రితో అబద్ధమాడింది. ఆ ఫొటోలో తండ్రి టోపీ తీసి ఉన్నాడు. నర్సక్కకి అది నచ్చలేదు.

"టోపీ లేకపోతే తాతని ఎవరు గుర్తుపడతారే? ఆయన టోపీతోనే పుట్టాడనుకుంటారు జనం."

"టోపీ ఉంటే క్లబ్బు పనివాడక్కా. తీస్తేనే మా నాన్న" అంది సూది.

అందుకే టోపీ లేకుండానే వేశారు. ఎండ తగలని పైనుదురు తెల్లగా, కిందంతా కాలిపోయిన రంగులో. మధ్యలో టోపీ అంచు గీత. ఆ గీత మాత్రం సూది తన చేత్తోనే వేసింది, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

పీలికలన్నీ కలిపాక గుడ్డని ఈడుస్తుంటే మేకు తగిలి ఛాతీ దగ్గర జానెడు చిరిగింది. నర్సక్క లబలబలాడింది. సూది కొట్టుకి పరిగెత్తి, తండ్రి పాత పని చొక్కా ఒకటి పాత గుడ్డల మూటలోంచి లాక్కొచ్చింది. వెలిసిపోయిన పచ్చ చొక్కా. జేబు ఉన్న ముక్క కత్తిరించి, వెనకవైపు నుంచి అతుకేసి, ఎర్ర దారంతో రెండు వరసలు కుట్టింది. ముందువైపు రంగు పూస్తే చిరుగు కనపడలేదు. వెనకవైపు మాత్రం జేబు జేబులాగే ఉండిపోయింది.

"ఇది సరిగ్గా నేను నిలబడే వరస మీదికొస్తుంది" అంది, దారం పంటితో తెంపుతూ. "మీరంతా ఫోన్లో చూసుకోండి. నాకు తలెత్తితే మా నాన్న జేబు కనపడుతుంది, అది చాలు."

తండ్రిని ఎదుటి స్టాండుకి ఒప్పించేసరికి ఆమె తల ప్రాణం తోకకొచ్చింది.

ఆయన మ్యాచ్‌లన్నీ ఆటగాళ్ళు బయటికొచ్చే సొరంగం మూల నిలబడే చూశాడు. చూడటమంటే ఆట చూడటం కాదు. ఎవడు ఎక్కడ జారాడు, ఎక్కడ పెళ్ళ లేచింది, అదీ ఆయన చూసేది. మ్యాచ్‌కి ముందురోజు ఉదయం వంటగదిలో స్టూలు మీద కూర్చుని బూట్లకి అంటిన మట్టిని చెంచా వెనక భాగంతో గీకుతున్నాడు.

"సీట్లో కూర్చుంటే నాకు నడుం పట్టేస్తుందమ్మలూ. ఆ గోలు ముందర వేసిన గడ్డి పాచ్ ఇంకా వేరు పట్టలేదు. దగ్గరుండి చూడాలి."

"ఎల్లుండికి దాన్ని పీకేస్తారు నాన్నా!"

"ఎల్లుండి కదా. మ్యాచ్ రేపేగా" అన్నాడు ఆయన, అందులో వింతేముందన్నట్టు.

ఆమెకి ఒళ్ళు మండింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. రెండూ మింగి, "నా కోసం కూర్చో నాన్నా. ఈ ఒక్కసారికి" అంది.

తండ్రి బూటు పక్కన పెట్టి ఆమె చేయి పట్టుకున్నాడు. గోళ్ళ చుట్టూ రంగు ఇంకా వదల్లేదు. గోధుమ రంగు, కాస్త ఎరుపు కలిసింది. ఆయన తన ముంజేయి పక్కన ఆమె వేలు ఆనించి చూసుకున్నాడు. తర్వాత గోడ మీద ఫొటో లేని మేకు వైపు చూశాడు. అద్దం సంగతి అడగలేదు.

"తెల్ల చొక్కా ఉతికుందా?" అన్నాడు.

"ఇస్త్రీ కూడా చేశాను."

"అయితే సరే, కూర్చుంటాలే" అని మళ్ళీ బూటు అందుకున్నాడు. నోట్లో నాలుక లేని మనిషి, ఆ పూటంతా ఏదో కూనిరాగం తీస్తూ తిరిగాడు. చివరికి అద్దం ముందు నిలబడి, టోపీ తీసి, ఉన్న నాలుగు వెంట్రుకల్నీ తడిచేసి దువ్వుకోవడం కూడా సూది చూసింది. చూసి, నవ్వాపుకోలేక పెరట్లోకి పారిపోయింది.

ఆ మధ్యాహ్నం మైకు గోదాముకి ఒక బండి తీసుకొచ్చాడు. బ్యానర్ ఒకరోజు ముందే స్టేడియంకి చేర్చాలట. నిప్పంటుకుంటుందో లేదో క్లబ్బువాళ్ళు పరీక్ష చెయ్యాలన్నారట.

"ఎప్పుడూ లేనిది ఇప్పుడేం పరీక్ష?" అంది సూది.

"కొత్త రూలు. నాకు మాత్రం తెలుసా?"

ఎప్పుడూ ఊరికి వినపడేలా మాట్లాడే మనిషి, ఆ మాట నేలకేసి అన్నాడు. గొంతు పోయిందేమో, రేపటి కోసం దాచుకుంటున్నాడేమో అనుకుంది. చుట్టని తార్పాలులో చుట్టి అందరూ కలిసి బండెక్కించారు. ఆమె తార్పాలు మీద ఒకసారి చేత్తో తట్టి, "జాగ్రత్తన్నా, లోపల మా నాన్నున్నాడు" అంది.

అందరూ నవ్వారు. మైకు బండి తలుపు వేసుకుని వెళ్ళిపోయాడు.

మ్యాచ్ రోజు ఎండ బాగా కాసింది. గడ్డి తళతళలాడుతోంది. ఆ ఉదయం కూడా తాత దాన్ని కోసి, చారలు తీర్చి, నీళ్ళు చల్లాకే తెల్ల చొక్కా తొడుక్కున్నాడని తర్వాత తెలిసింది. కాటికి కాళ్ళు చాపిన గడ్డికి కూడా తల దువ్వి పంపాడు ఆ మనిషి.

సూది కింది వరసల్లో తన చోట నిలబడింది. నర్సక్క పైన చివరి వరసలో తాడు దగ్గర. మైకు ఇనప మెట్టెక్కాడు. డ్రమ్ములు మొదలయ్యాయి. అవును, డ్రమ్ములు! సీజనంతా క్లబ్బు నిషేధించిన డ్రమ్ములు ఇవాళ లోపలికి ఎలా వచ్చాయో ఎవరికీ తెలియదు, ఆ సంబరంలో ఎవరూ అడగలేదు. మైకు చేయెత్తాడు. స్టాండంతా వారం రోజులుగా నేర్చుకున్న పాట ఎత్తుకుంది:

"పచ్చిక తాతా, పచ్చిక తాతా,
మా ఆటంతా నీ అరచేతిలో!"

పైనుంచి గుడ్డ జారుతూ వస్తోంది. ఒక వరస చేతులు ఇంకో వరస చేతులకి అందిస్తున్నాయి. ఎండ పోయింది, నీడ వచ్చింది, పాట గుడ్డ కింద ఇరుక్కుని రెట్టింపయింది. ఆమె రెండు చేతులూ ఎత్తింది. గుడ్డ అరచేతులకి తగిలింది.

జారింది.

తన గుడ్డ జారదు. ముతక నూలు, పైన రంగు, గరగరలాడుతుంది. ఇది నున్నగా ఉంది. రంగు వాసన లేదు, కొత్త ప్లాస్టిక్ వాసన వేస్తోంది. ఆమె తలెత్తింది. ఎర్ర దారం లేదు. అతుకు లేదు. జేబు లేదు. పక్క వరస మీదికొచ్చిందేమోనని అటు చూసింది, ఇటు చూసింది. చివరి నుంచి చివరి దాకా కుట్టనేదే కనపడలేదు. ఎక్కడో యంత్రం మీద ఏకంగా అచ్చువేసిన సరుకు. ఎండకి అక్షరాలు వెనక్కి తిరిగి కనపడుతున్నాయి. పెద్దపెద్ద అక్షరాలు. ఆమె తిరగేసి, కూడబలుక్కుని చదువుకుంది.

"ఇక ఎప్పుడూ పచ్చగానే."

దాని కింద ప్లాస్టిక్ పచ్చిక కంపెనీ గుర్తు, నవ్వుతున్న ఆకు.

చుట్టూ వేలమంది గొంతులు పగిలేలా పాడుతున్నారు. ఆమె ఎడమపక్క ముసలాయన ఏడుస్తూ పాడుతున్నాడు. అందరి చేతులూ తాత ముఖాన్నే మోస్తున్నాయి, వాళ్ళ లెక్కలో. ఒక్క ఆమెకే తెలుసు. నోరు తెరిచి అరిచింది. ఏమని అరిచిందో ఆమెకే వినపడలేదు. కంచె దగ్గర మెట్టు మీద మైకు ఉన్నాడు. గుడ్డ నీడ వాడి మీద లేదు. ఈ స్టాండులో ఆ బ్యానర్‌ని చూడగలిగేది వాడొక్కడే, వాడు కళ్ళు మూసుకుని పాడుతున్నాడు.

ఆమె చేతులు దించి, వంగి, జనం కాళ్ళ మధ్యగా కంచె దాకా పోయి, అంచు కింద నుంచి తల బయట పెట్టింది. ఎండ కళ్ళలో కొట్టింది. పచ్చటి మైదానం అవతల, ఎదుటి స్టాండు ముందు వరసలో తెల్ల చొక్కా. అంత దూరంలో కూడా ఆ నిలబడే తీరు తెలుస్తుంది, ఒక భుజం కాస్త వంగి. టోపీ తీసి రెండు చేతులతో ఛాతీకి ఆనించుకుని ఉన్నాడు. బ్యానర్ లేస్తున్నప్పుడే తీసి ఉంటాడు. ఆ దువ్విన తల కోసం, ఆ మర్యాద కోసం.

పాట ఆయనకి వినపడుతూనే ఉంది. తన పేరే. ఆయన అలాగే కాసేపు చూశాడు. తర్వాత టోపీ నెత్తి మీద పెట్టుకున్నాడు. నెమ్మదిగా, సరిచేసుకుని పెట్టుకున్నాడు.

విరామంలో మెట్ల కింద దొరికాడు మైకు. నీళ్ళ సీసా నోటి దగ్గర పెట్టుకున్నాడు గానీ తాగడం లేదు.

"నాదెక్కడుంది?" అంది.

"భద్రంగా ఉంది సూదీ. మెట్ల కింది గదిలో. తడవలేదు."

"తడవకపోవడమా నాకు కావలసింది?"

"నా మాట విను. వచ్చే సీజన్‌కి మన స్టాండంతా తీసేసి కుర్చీలేస్తామన్నారు. నిలబడకూడదు, డ్రమ్ముల్లేవు, జెండాల్లేవు. వాళ్ళది ఒక్కసారి ఎగరేస్తే అన్నీ ఉంచుతామన్నారు. స్టాండు బతకాలా వద్దా? చెప్తే మీరెవరైనా ఎత్తేవాళ్ళా?"

"ఎత్తేవాళ్ళం కాదు."

"అందుకే చెప్పలేదు." వాడి గొంతు బొంగురుపోయింది. "తాతది వచ్చే సీజన్లో ఎగరేద్దాం. నా మీద ఒట్టు."

"వచ్చే సీజన్‌కి గడ్డేదన్నా? తాతేడీ?" అంది. "పాట కూడా మార్పించాల్సింది. కనీసం ఆ పాట పాడించకుండా ఉండాల్సింది. ఆయన పేరు పాడి, ఆయన్ని తరిమేసేవాళ్ళ బొమ్మ చూపించావు. ఆయనకేం అర్థమై ఉంటుంది? మనమంతా కలిసి వెక్కిరించామనుకోడా?"

మైకు సీసా దించి మూత బిగించాడు. ఆమె వాణ్ణి కొట్టాలనుకుంది. కానీ వాడి చెంపల మీద అప్పటికే తడి ఉంది. చేయి ఎత్తబుద్ధి కాలేదు.

మ్యాచ్ గెలిచారో ఓడారో ఆమె చూడలేదు.

జనం పలచబడ్డాక మైదానం అంచుకి వెళ్ళింది. ఏం చెప్పాలో దారంతా కూడబెట్టుకుంది. నాన్నా అది మాది కాదు, మాది వేరే ఉంది, నీ నుదుటి గీత నేనే వేశాను. తండ్రి గోలు ముందర ఉన్నాడు. తెల్ల చొక్కా చేతులు మడిచి, ఫోర్కు గుచ్చి, లేచిన పెళ్ళల్ని ఒక్కోదాన్నీ పక్కలకి నొక్కి, మడమతో అదుముతున్నాడు. రేపు పీకేసే గడ్డి. పైన కొత్త బ్యానర్‌ని క్లబ్బువాళ్ళు జాగ్రత్తగా మడతపెట్టుకుంటున్నారు. దాని అక్షరాలు లోపలికి పోయాయి.

ఆమె రావడం చూసి తండ్రి నడుం ఎత్తాడు. ఆమె నోరు తెరిచేలోపే ఆయన నవ్వాడు.

"చూశానమ్మలూ" అన్నాడు.

ఆమె ఆగిపోయింది.

"ఎంత పెద్దగా వేశారే! నా మొహం అంత పెద్దదని నాకే తెలియదు. పక్కనున్నాయన అడిగాడు, ఇది మీరేనాండీ అని. నేనేనండీ, మా అమ్మాయి కుట్టిందండీ అని చెప్పాను." ఫోర్కు పళ్ళకున్న మట్టిని వేలితో తుడుస్తూ, ఆమె వైపు చూడకుండా చెప్పుకుపోతున్నాడు. "ముక్కు అచ్చం నాదే. టోపీ మాత్రం కాస్త వంకరగా వచ్చింది. అయినా బాగుందిలే. నేనెప్పుడూ అలాగే పెట్టుకుంటాగా."

టోపీ. వాళ్ళు టోపీయే వేయలేదు.

దారంతా కూడబెట్టుకున్న మాటల్ని పక్కన పెట్టేసింది. ఇప్పుడు చెప్తే ఆయన దగ్గర మిగిలిన ఆ ఒక్కటీ లాక్కున్నట్టే. ఆయన ఇచ్చిన దాన్ని పుచ్చుకోవడం తప్ప ఆమెకి దారి లేదు.

"వంకరగా వేసింది నేనే నాన్నా" అంది. "కావాలనే వేశాను."

"అదే అనుకున్నా." ఆయన జేబులోంచి తాళాల గుత్తి తీసి, ఒకసారి చూసుకుని, మళ్ళీ జేబులో వేసుకున్నాడు. "ఫోన్ ఇలా ఇవ్వు. ఇవాళ దాన్ని చూడకు. కుట్టి కుట్టి కళ్ళు గుంటలు పడ్డాయి, వాటికి కాస్త రెస్టివ్వు."

ఆమె ఫోన్ ఇచ్చింది. ఆయన దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, పైనుంచి అరచేత్తో అదిమాడు. ఇద్దరూ గేటు వైపు నడిచారు. ఫోర్కు ఆమె మోసింది. గడ్డి దాటి సిమెంటు మీదికొచ్చాక తండ్రి ఆగి, ఖాళీ స్టాండు వైపు తిరిగి చూశాడు.

"అంత కష్టపడి ఎత్తారు. కింద ఉన్నవాళ్ళకి మాత్రం ఏమీ కనపడదంటగా, పాపం" అన్నాడు.

"కనపడదు నాన్నా" అంది.